సీటీ నార్మల్ అన్నాక మళ్ళీ ఎమ్మారై ఎందుకు? తెలిసినవాళ్ళు చెప్పండి

కొల్లేటి_కొంగ
మంగళవారం, రాత్రి 8:42

మా నాన్నగారికి 66 ఏళ్ళు. షుగర్, బీపీ రెండూ ఉన్నాయి. ఈ రోజు తెల్లవారుజామున ఐదింటికి లేచేసరికి ఎడమ చెయ్యి పడిపోయింది, మాట ముద్దముద్దగా వస్తోంది. రాత్రి పదిన్నరకి పడుకున్నప్పుడు మామూలుగానే ఉన్నారు. దగ్గర్లో ఉన్న టౌన్‌కి తీసుకెళ్తే ముందు వేలు గుచ్చి షుగర్ చూశారు, తర్వాత సీటీ తీశారు. "సీటీ నార్మల్, కానీ ఇది స్ట్రోకే, ఆలస్యం చెయ్యకుండా సిటీకి తీసుకెళ్ళండి" అని 108 ఎక్కించారు. అక్కడ దిగీ దిగగానే ఎమ్మారై తీశారు, మెడ నుంచి తల దాకా రక్తనాళాలు కూడా చూశారు. తొమ్మిది కావస్తుండగా ఇంజక్షన్ ఇచ్చారు. ఇప్పుడు ఐసీయూలో ఉన్నారు, చెయ్యి కొంచెం లేపుతున్నారు.

ఇంట్లో గొడవ ఏమిటంటే, మా బావ ఊరుకోవడం లేదు. సీటీ నార్మల్ అంటే స్ట్రోక్ లేనట్టే కదా, రెండో స్కాన్ ఎందుకు తీశారు అంటాడు. పోనీ ఎమ్మారైయే గొప్పదైతే మొదటే అది తియ్యాలి కదా, సీటీ డబ్బులు దండగ కదా అని ఇంకోవైపు నుంచి వస్తాడు. ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు. ఎమ్మారై రిపోర్టులో ఉన్న ముక్క ఇది: కుడి ఎంసీఏ టెరిటరీలో రిస్ట్రిక్టెడ్ డిఫ్యూజన్ ఉంది, ఫ్లెయిర్‌లో అక్కడ మార్పు లేదు, పెద్ద రక్తనాళాల్లో అడ్డు లేదు.

కమీషన్_లెక్కలు
మంగళవారం, రాత్రి 8:55

మీ బావ తెలివైనవాడు. టౌన్‌లో ఒకటి, సిటీలో ఒకటి, రేపు ఇంకోటి. మధ్యలో ఎవరి వాటా వాళ్ళకి. చేతిలో మిషన్ ఉన్నప్పుడు తియ్యకుండా ఎలా ఉంటారు?

నైట్‌డ్యూటీ_డాక్టర్
మంగళవారం, రాత్రి 9:20

కమీషన్ల సంగతి తర్వాత చూద్దాం. కొంగ గారూ, ముందు మీ బావగారి మొదటి ప్రశ్న తీసుకుంటాను.

స్ట్రోక్ అనుమానంతో మనిషి వస్తే, అది స్ట్రోక్ అవునా కాదా అన్నది మనిషిని చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. చెయ్యి లేవదు, మూతి వంకర పోతుంది, మాట తడబడుతుంది. షుగర్ పడిపోయినా ఇలాగే కనిపించవచ్చు కాబట్టి వేలు గుచ్చి అది చూస్తాం. మీ టౌన్ ఆసుపత్రివాళ్ళు సరైన వరసలోనే వెళ్ళారు. చూడగానే తెలియనిది ఒకటే. లోపల రక్తనాళం చిట్లి రక్తం కారిందా, లేక గడ్డ అడ్డుపడి రక్తం ఆగిందా? బయటికి రెండూ ఒకేలా ఉంటాయి. వైద్యం మాత్రం ఎదురెదురు. గడ్డ కరిగించే మందు రక్తం కారుతున్నవాళ్ళకి ఇస్తే మనిషి దక్కడు.

ఆ ఒక్క ప్రశ్నకి సీటీని మించింది లేదు. తాజా రక్తం సీటీలో తెల్లగా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మెదడులోని బూడిద భాగం 35 నుంచి 40 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్ల (సీటీలో తెలుపు నలుపులని కొలిచే లెక్క) దగ్గర ఉంటే, గడ్డకట్టిన తాజా రక్తం 60 నుంచి 80 దాకా ఉంటుంది. స్కాన్ సెకన్లలో అయిపోతుంది. మనిషి తిక్కగా కదులుతున్నా, వెంటిలేటర్ మీద ఉన్నా, ఒంట్లో ఏ లోహం ఉన్నా తియ్యొచ్చు. కాబట్టి అక్కడ "సీటీ నార్మల్" అన్నదానికి "రక్తస్రావం లేదు" అని అర్థం. "స్ట్రోక్ లేదు" అని కాదు. ఈ రెండింటికీ తేడా ఇంట్లోవాళ్ళకి ఒక్క నిమిషం ఆగి చెప్పేవాళ్ళు లేకే సగం గొడవలు.

గడ్డ అడ్డుపడిన స్ట్రోక్ మొదటి గంటల్లో సీటీలో చాలాసార్లు కనిపించదు. 2007లో లాన్సెట్‌లో వచ్చిన పరిశీలనలో స్ట్రోక్ అనుమానంతో వచ్చిన 356 మందికి రెండు స్కాన్లూ తీశారు. గడ్డ వల్ల వచ్చిన తాజా స్ట్రోక్‌ని ఎమ్మారై 164 మందిలో పట్టుకుంది, సీటీ 35 మందిలో మాత్రమే. తాజా రక్తస్రావం విషయానికొస్తే రెండూ దాదాపు సమానం.

కొల్లేటి_కొంగ
మంగళవారం, రాత్రి 9:31

థాంక్యూ డాక్టర్ గారూ. ఇది చదివి వినిపించాను. "అంటే ఎమ్మారైకి రెండూ కనిపిస్తాయన్నమాట, మరి సీటీ దండగేగా?" అంటున్నాడు. 😅

రేడియో_అన్న
మంగళవారం, రాత్రి 9:58

దీనికి నేను చెప్తాను, రెండు మిషన్ల దగ్గరా పనిచేసినవాణ్ణి.

సీటీకి మనిషిని ట్రాలీ మీదనుంచి టేబుల్ మీదకి మార్చి, తల కుదురుగా పెట్టి బటన్ నొక్కితే చాలు. ఎమ్మారైకి గది గుమ్మం దాటకముందే పెద్ద తతంగం. అక్కడ అయస్కాంతం రాత్రీ పగలూ ఆన్‌లోనే ఉంటుంది, స్కాన్ లేనప్పుడు కూడా. చాలామందికి ఈ విషయం తెలియదు. 2018లో ముంబైలో ఒక ఆసుపత్రిలో ఆక్సిజన్ సిలిండర్ పట్టుకుని ఎమ్మారై గదిలోకి వెళ్ళిన యువకుణ్ణి సిలిండర్‌తో సహా మిషన్ లాగేసుకుంది, అతను చనిపోయాడు.

అందుకే అన్నీ అడుగుతాం. గుండెకి పేస్‌మేకర్ ఉందా, చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్ ఉందా, మెదడులో పాత క్లిప్ ఉందా, వెల్డింగ్ పని చేసేవాళ్ళయితే కంట్లో ఎప్పుడైనా ఇనప రజను పడిందా. మాట పడిపోయిన మనిషి జవాబు చెప్పలేడు, వెంట వచ్చినవాళ్ళకి తెలియదు. తర్వాత ఒంటిమీదవి. నల్లపూసలు, ముక్కుపుడక, హెయిర్‌పిన్నులు, మొలతాడుకి తాయెత్తు, జరీ ఉన్న చీర. పుస్తెలతాడు తియ్యాలంటే పెద్దావిడలు ఒప్పుకోరు, మనిషే ప్రాణాపాయంలో ఉంటే ఇదేం అపశకునం అని కూతుళ్ళు ఏడుస్తారు. మెట్టెలు పాతికేళ్ళుగా తియ్యనివి వేలికి పట్టేసి ఉంటాయి, సబ్బు రాసి తిప్పి తిప్పి తియ్యాలి. ఇదంతా అయ్యి, పూర్తి స్కాన్‌కి ఇరవై నిమిషాలకి పైనే. స్ట్రోక్‌కి మాత్రమే అని కుదించి తీస్తే పది నిమిషాల లోపు అవుతుంది, అదీ మనిషి కదలకుండా ఉంటేనే.

ఇక రాత్రి మూడింటికి సీటీ ఆన్‌లో ఉండే టౌన్లు చాలా ఉన్నాయి. ఆ వేళకి ఎమ్మారై తీసేవాళ్ళు ఉండే టౌన్లు ఎన్ని ఉన్నాయో మీ బావనే లెక్కపెట్టమనండి.

మాంచెస్టర్_మామయ్య
మంగళవారం, రాత్రి 10:40

ఇక్కడ బ్రిటన్‌లో ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్ఎస్‌లో, రేడియాలజీలో పనిచేస్తాను. ఒక మాట కలుపుతాను. సీటీ ముందా, ఎమ్మారై ముందా అన్నది ప్రపంచమంతా ఒకేలా లేదు. ఫ్రాన్స్‌లో చాలా స్ట్రోక్ సెంటర్లు నేరుగా ఎమ్మారైతోనే మొదలుపెడతాయి. వాళ్ళ ఏర్పాట్లు అలా ఉన్నాయి, మిషన్ పక్కనే, మనుషులు సిద్ధం. కాబట్టి కొంగ గారి బావ అడిగింది మరీ పిచ్చి ప్రశ్నేం కాదు.

బ్రిటన్‌లో మాది సీటీ దారే. ఫిన్లండ్‌లో హెల్సింకీవాళ్ళయితే రోగిని అంబులెన్స్ నుంచి నేరుగా సీటీ టేబుల్ మీదకే తీసుకెళ్ళి, అక్కడే మందు మొదలుపెట్టడం అలవాటు చేసుకున్నారు. 2011 నాటికి ఆసుపత్రి గుమ్మం నుంచి ఇంజక్షన్ దాకా వాళ్ళకి పట్టే సమయం సగటున 20 నిమిషాలకి వచ్చేసింది. స్ట్రోక్‌లో నిమిషానికి దాదాపు 19 లక్షల న్యూరాన్లు పోతాయని 2006లో ఒక అంచనా వేశారు. అందుకే ఎంత మంచి బొమ్మ వచ్చిందన్నదాని కంటే ఎంత త్వరగా వచ్చిందన్నది మేం ఎక్కువ పట్టించుకుంటాం.

దానికి తిరకాసు కేసు కూడా ఉంది. లక్షణాలు పావుగంటలో వాటంతటవే పూర్తిగా తగ్గిపోయిన టీఐఏ (తాత్కాలికంగా వచ్చి పోయే స్ట్రోక్ లాంటిది) అయితే, వేరే జబ్బు అనుమానం ఉంటే తప్ప సీటీ వద్దనే ఇక్కడ వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ గైడ్‌లైన్ చెబుతుంది. స్పెషలిస్టు చూశాక అవసరమైతే ఎమ్మారై. అక్కడ సీటీ తీసినా కనిపించేది దాదాపు ఏమీ ఉండదు.

సరదాకి ఒక సంగతి. మనిషి మెదడుకి మొట్టమొదటి సీటీ తీసింది 1971 అక్టోబర్ 1న, లండన్ వింబుల్డన్‌లోని అట్కిన్‌సన్ మోర్లీ ఆసుపత్రిలో. తయారుచేసిన గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ పనిచేసింది ఈఎంఐలో, గ్రామఫోన్ రికార్డుల కంపెనీ!

కమీషన్_లెక్కలు
మంగళవారం, రాత్రి 10:52

హెల్సింకీ కథలు బాగున్నాయి సార్. ఇక్కడ మామూలు తలనొప్పికి వెళ్ళినా ఎమ్మారై రాసి, ఫలానా సెంటర్‌లోనే తియ్యించుకో అంటారు. దానికేమంటారు?

రేడియో_అన్న
మంగళవారం, రాత్రి 11:05

అది మాత్రం నిజమే, కాదనను. ఏళ్ళ తరబడి ఒకే రకంగా వచ్చి పోయే తలనొప్పికి, పరీక్షలో ఏ తేడా లేనివాళ్ళకి రాసిన ఎమ్మారైలు మా దగ్గరకి బోలెడు వస్తాయి. కానీ చెయ్యి పడిపోయిన మనిషికి తీసిన స్కాన్‌ని ఆ గాటన కట్టకు తమ్ముడూ.

నైట్‌డ్యూటీ_డాక్టర్
మంగళవారం, రాత్రి 11:30

రౌండ్ల మధ్యలో రాస్తున్నా. కొంగ గారి నాన్నగారి విషయంలో ఎమ్మారైకి ఇంకో గట్టి కారణం ఉంది, దాన్ని ఎవరూ ఎత్తలేదు.

ఆయన నిద్రలేచేసరికే లక్షణాలు ఉన్నాయి. మొదలైంది ఎప్పుడో ఎవరికీ తెలియదు. గడ్డ కరిగించే ఇంజక్షన్ని లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపు ఇవ్వాలి. ఇలాంటివాళ్ళకి లెక్క చివరిసారి బాగున్న సమయం నుంచి వేస్తాం. అంటే రాత్రి పదిన్నర. ఆ లెక్కన తెల్లవారుజామున మూడింటికే తలుపు మూసుకుపోయింది. కొన్నేళ్ళ కిందటి వరకు ఆయనకి ఇంజక్షన్ ఇచ్చేవాళ్ళు కాదు.

ఇప్పుడు ఆ రిపోర్టు ముక్క చూడండి. ఎంసీఏ అంటే మెదడుకి రక్తం అందించే ఒక పెద్ద ధమని. రక్తం అందని కణాల్లోకి నీరు చొరబడి, అటూ ఇటూ కదలలేక అక్కడే ఇరుక్కుంటుంది. డిఫ్యూజన్ అనే ఎమ్మారై బొమ్మ కొలిచేది ఆ కదలికనే, అందుకే నిమిషాల్లోనే అక్కడ తెల్లమచ్చ వస్తుంది. ఫ్లెయిర్ అనే ఇంకో బొమ్మలో అదే చోటు తెల్లబడడానికి గంటలు పడుతుంది. డిఫ్యూజన్‌లో ఉండి ఫ్లెయిర్‌లో లేదంటే, స్ట్రోక్ వచ్చి బహుశా నాలుగున్నర గంటలు దాటలేదు. యూరప్‌లో చేసిన వేక్‌అప్ ట్రయల్ ఇలాంటివాళ్ళ మీదే. 2018లో ఫలితాలొచ్చాయి. 503 మందిలో ఇంజక్షన్ తీసుకున్నవాళ్ళలో 53.3 శాతం మంది మూడు నెలలకి బాగా కోలుకున్నారు, తీసుకోనివాళ్ళలో 41.8 శాతం. రిస్కు కూడా చెప్పాలి కదా, మెదడులో ఇబ్బంది పెట్టే రక్తస్రావం 2.0 శాతానికి వచ్చింది, రెండోవైపు 0.4 శాతం.

సీటీ ఒక్కటే చూసి ఈ నిర్ణయం తీసుకోలేరు. మెదడులో ఎక్కడ ఎంత రక్తం అందుతోందో చూపించే పెర్‌ఫ్యూజన్ సీటీతో ఇంకో దారి ఉంది గానీ అది అన్నిచోట్లా లేదు. రక్తనాళాలు చూడడం కూడా దండగ కాదు. పెద్ద నాళంలో గడ్డ ఉంటే తొడ దగ్గర్నుంచి తీగ పంపి బయటికి లాగేస్తారు. తగినవాళ్ళకి 24 గంటల వరకు కూడా అది పనికొస్తుందని 2018లోనే డాన్ ట్రయల్ చూపించింది. నాన్నగారికి పెద్ద నాళంలో అడ్డు లేదు కాబట్టి ఆ అవసరం రాలేదు.

పల్నాటి_పిల్ల
బుధవారం, తెల్లవారుజామున 12:15

డాక్టర్ గారూ, దారిలో ఆస్పిరిన్ వేస్తే మంచిదంటారు కదా? మా పెదనాన్నకి వాళ్ళబ్బాయి వేశాడు.

నైట్‌డ్యూటీ_డాక్టర్
బుధవారం, తెల్లవారుజామున 12:21

గుండెపోటు సలహా అది. స్ట్రోక్‌లో స్కాన్ తియ్యకముందు వద్దు. రక్తస్రావం అయితే ఇంకా ముదురుతుంది. పైగా మింగడం సరిగ్గా రాని మనిషికి నోట్లో ఏం వేసినా, నీళ్ళయినా సరే, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

సత్తెమ్మ_మనవరాలు
బుధవారం, ఉదయం 6:50

రాత్రే చూశాను గానీ పాప నిద్రపోనివ్వలేదు. సీటీ నార్మల్ అన్న మాట మా ఇంట్లో కూడా విన్నాం.

మా చెల్లికి పురుడై రెండో వారంలో తలనొప్పి మొదలైంది. బాలింత తలనొప్పి, గాలి తగిలిందని చెవుల్లో దూది పెట్టి, తలకి గుడ్డ కట్టి పడుకోబెట్టారు. మంచినీళ్ళు ఎక్కువ తాగితే పొట్ట జారుతుందని అవి కూడా కొలిచి ఇచ్చేవాళ్ళు. నాలుగు రోజులకి వాంతులు, ఐదో రోజు ఫిట్స్. క్యాజువాలిటీలో సీటీ తీస్తే పెద్దగా ఏం లేదన్నారు. అక్కడి పీజీ అమ్మాయి మాత్రం పట్టు వదల్లేదు. "బాలింత, తలనొప్పి, ఫిట్స్. సిరలు చూడకుండా ఇంటికి పంపను" అని ఎమ్మార్ వీనోగ్రామ్ రాసింది. నడినెత్తి కింద పెద్ద సిరలో గడ్డ. హెపారిన్ మొదలుపెట్టారు. ఇప్పుడు బాగానే ఉంది, పిల్లాడు నడుస్తున్నాడు.

కాబట్టి సీటీ ముందా ఎమ్మారై ముందా అన్నదొక్కటే కాదండీ, ఎక్కడ చూడాలో తెలిసి చూడాలి.

నైట్‌డ్యూటీ_డాక్టర్
బుధవారం, ఉదయం 7:35

ఆ పీజీకి నా తరఫున దండం. అందరం ధమనుల గురించే మాట్లాడుతున్నాం, సిరల్లో గడ్డ మన దగ్గర తక్కువేం కాదు. బాలింతల్లో, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్ళలో, ఒంట్లో నీరు తగ్గినవాళ్ళలో ముఖ్యంగా చూడాలి. మామూలు సీటీలో చాలామందికి ఏమీ కనిపించదు. సీటీ వీనోగ్రామ్ లేదా ఎమ్మార్ వీనోగ్రామ్ కావాలి, రెండూ బాగానే పట్టుకుంటాయి. ఇందులో ఇంకో విడ్డూరం, సిర మూసుకుపోయి మెదడులో కాస్త రక్తం కారినా సరే గడ్డ పెరగకుండా హెపారిన్ ఇస్తాం. నిన్న రాత్రి నేను చెప్పిన "రక్తం ఉంటే ఇవ్వకూడదు" అన్నది గడ్డ కరిగించే ఇంజక్షన్ గురించి.

బాలింతకి నీళ్ళు తగ్గించే ఆచారం గురించి చెప్పినందుకు సంతోషం. దయచేసి మానెయ్యండి.

సీమ_సైకిల్
బుధవారం, ఉదయం 8:10

తలనొప్పి అంటున్నారు కాబట్టి అడుగుతున్నా. ఏ తలనొప్పికి పరిగెత్తాలి, దేనికి ఆగొచ్చు?

మాంచెస్టర్_మామయ్య
బుధవారం, ఉదయం 9:02

నెత్తిన పిడుగు పడ్డట్టు ఒక్కసారిగా వచ్చి, నిమిషంలోపే జన్మలో ఎరగనంత తీవ్రతకి చేరేదానికి పరిగెత్తాలి. మెదడు పైపొరల్లో రక్తనాళం ఉబ్బి పగిలి ఉండొచ్చు. ఇక్కడ సీటీయే రాజు, కానీ గంటలు గడిచేకొద్దీ దాని బలం తగ్గుతుంది. 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన కెనడా పరిశీలనలో మొదటి ఆరు గంటల్లో సీటీ తీసిన 953 మందిలో ఒక్క కేసు కూడా తప్పిపోలేదు. ఆలస్యమైతే రక్తం పలచబడి స్కాన్‌లో కనిపించకపోవచ్చు, అప్పుడు నడుములోంచి నీరు తీసి చూడాలి. అందుకే "పొద్దున చూద్దాంలే" అన్నది ఈ ఒక్క తలనొప్పికీ పనికిరాదు. జ్వరం, మెడ బిగుసుకోవడం, మత్తు, ఫిట్స్ కలిసినా, యాభై దాటాక కొత్తరకం తలనొప్పి మొదలైనా చూపించుకోవాలి.

పల్నాటి_పిల్ల
బుధవారం, ఉదయం 9:40

మరి కళ్ళు తిరగడం? మా అమ్మకి గోడలు గిర్రున తిరిగినట్టు ఉందంటే ఎమ్మారై తీసి ఏం లేదన్నారు.

నైట్‌డ్యూటీ_డాక్టర్
బుధవారం, ఉదయం 10:12

డ్యూటీ దిగాను, తీరిగ్గా రాస్తాను. నాకు బాగా నచ్చిన టాపిక్ ఇది.

తల వెనక భాగం సీటీకి బలహీనమైన చోటు. చుట్టూ మందపాటి ఎముక ఉండడం వల్ల చారలు వచ్చి చిన్నమెదడు సరిగ్గా కనిపించదు. ఎమ్మారై చాలా నయం, కానీ ఇక్కడ అది కూడా మొదటి రోజు రెండు రోజుల్లో మోసం చెయ్యగలదు. మరి దేన్ని నమ్మాలి? కళ్ళని. ఆగకుండా గంటల తరబడి తల తిరుగుతున్న మనిషి కళ్ళు ఎటు కొట్టుకుంటున్నాయి, తలని చటుక్కున పక్కకి తిప్పితే చూపు నిలుస్తోందా, ఒక కన్ను మూసి తెరిస్తే రెండోది పైకీ కిందకీ జరుగుతోందా అని చూసే మూడు ముక్కల పరీక్ష ఉంది, హింట్స్ అంటారు. తెలిసిన చేతుల్లో అది మొదటి రోజుల ఎమ్మారై కంటే బాగా పట్టుకుంటుందని 2009లోనే రాశారు. ఖర్చు పైసా లేదు. నేర్పేవాళ్ళూ, నేర్చుకునేవాళ్ళూ తక్కువ, అదే బాధ.

మీ అమ్మగారికి పక్కకి ఒత్తిగిలినప్పుడో, మంచం మీంచి లేచినప్పుడో నిమిషం లోపు తిరిగి ఆగిపోతుంటే అది చాలావరకు చెవి సమస్య. ఏ స్కాన్ అక్కర్లేదు, మంచం మీద తలని వరసగా తిప్పి నయం చేస్తారు. నడక తూలుతున్నా, రెండుగా కనిపిస్తున్నా, మాట తేడా వచ్చినా మాత్రం ఎమ్మారై నార్మల్ అని నిశ్చింతగా ఉండొద్దు.

మోడరేటర్
బుధవారం, ఉదయం 10:30

పైన ఒక సభ్యుడు పక్షవాతానికి పావురం రక్తం రాయమని పెట్టిన చిట్కా తీసేశాను. ఆ మర్దనాల కోసం వెళ్ళి ఇంజక్షన్ వేళ దాటించుకున్నవాళ్ళు మన సభ్యుల ఇళ్ళల్లోనే ఉన్నారు. చర్చ కొనసాగించండి.

కొల్లేటి_కొంగ
బుధవారం, మధ్యాహ్నం 1:18

అందరికీ నమస్కారం. నాన్నగారు స్పష్టంగా మాట్లాడుతున్నారు, కాఫీ ఏదీ అని అడిగారు. చెయ్యి భుజం దాకా లేస్తోంది, వేళ్ళు ఇంకా బిగియడం లేదు.

ఈ ఉదయం మళ్ళీ సీటీ తీశారు. మా బావ ఎలా ఎగిరి ఉంటాడో మీరే ఊహించుకోండి. "ఎమ్మారై అయ్యాక మళ్ళీ వెనక్కి సీటీయా" అని నర్సుతో వాదన. అందులో రక్తం లేదట, కుడివైపు ఒక చిన్న నల్లటి మచ్చ మాత్రం ఉందట. నిన్న లేని మచ్చ ఈ రోజు ఎక్కడినుంచి వచ్చింది? ఇంజక్షన్ వల్లా?

నైట్‌డ్యూటీ_డాక్టర్
బుధవారం, మధ్యాహ్నం 1:45

కాఫీ అడిగారంటే శుభం. మింగడం పరీక్షించాకే ఇవ్వమనండి.

మచ్చ ఇంజక్షన్ వల్ల కాదు. దెబ్బతిన్న భాగంలో నీరు పెరిగేకొద్దీ సీటీలో అది నల్లబడుతుంది, దానికి కొన్ని గంటల నుంచి ఒక రోజు పడుతుంది. నిన్న ఎమ్మారైలో తెల్లగా కనిపించిందీ, ఈ రోజు సీటీలో నల్లగా కనిపిస్తున్నదీ ఒకే చోటు. గడ్డ కరిగించే మందు ఇచ్చిన ప్రతి ఒక్కరికీ 24 గంటలకి ఒక స్కాన్ తీస్తాం. రక్తం కారలేదని ఖాయం చేసుకున్నాకే ఆస్పిరిన్ లాంటివి మొదలుపెడతాం. ప్రశ్న మళ్ళీ "రక్తం ఉందా?" కాబట్టి జవాబుకి సీటీ చాలు. ఐసీయూ మనిషిని ఎమ్మారై గదికి మళ్ళీ తిప్పడం ఎందుకు?

కొల్లేటి_కొంగ
బుధవారం, మధ్యాహ్నం 2:20

ఇది చదివి బావ కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇన్నిసార్లు తీస్తే రేడియేషన్ కదా" అన్నాడు.

రేడియో_అన్న
బుధవారం, మధ్యాహ్నం 2:41

😂 బావకి జోహార్లు. తలకి ఒక మామూలు సీటీ అంటే దాదాపు 2 మిల్లీసీవర్ట్‌లు. నేల నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి మనకి ఏడాదికి ప్రపంచ సగటున వచ్చేది 2.4. కాంట్రాస్ట్ ఎక్కించి నాళాలు చూస్తే ఇంకా పెరుగుతుంది. చిన్నపిల్లలకైతే నేనే నాలుగుసార్లు ఆలోచించమంటాను. 66 ఏళ్ళ ఆయనకి, ఇంజక్షన్ తర్వాత, ఇది లెక్కలోకి రాదు. ఎమ్మారైలో రేడియేషన్ అసలు లేదు.

కొంగ గారూ, ఒక పని మాత్రం చెయ్యండి. డిశ్చార్జ్ అప్పుడు మూడు స్కాన్ల సీడీలూ అడిగి తీసుకోండి. ఫిల్ములు చాలవు. ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా ఫిల్మ్ పట్టుకుని తీసిన వాట్సాప్ ఫొటో పంపి "చూసి చెప్పండి" అంటారు, అందులో మాకు కనిపించేది ట్యూబ్‌లైటే. సీడీలో అయితే ప్రతి పొరా కదిపి చూడొచ్చు, తెలుపు నలుపులు మార్చి కొలవొచ్చు.

సీమ_సైకిల్
బుధవారం, రాత్రి 7:05

మా నాన్నకి పోయినేడు పేస్‌మేకర్ వేశారు. ఈ చర్చ చదివాక టెన్షన్ పట్టుకుంది. ఆయనకి రేపు ఇలా ఏదైనా అయితే ఎమ్మారై తియ్యలేరా?

రేడియో_అన్న
బుధవారం, రాత్రి 7:22

ఇప్పుడు వేస్తున్నవాటిలో చాలావరకు షరతులతో ఎమ్మారైకి అనుమతి ఉన్నవే. మోడల్ ఏదో చూసి, గుండె డాక్టరు మనిషి వచ్చి దాన్ని ఎమ్మారై మోడ్‌లోకి మార్చి, స్కాన్ అయ్యాక మళ్ళీ మామూలుగా పెట్టాలి. అర్ధరాత్రి హడావుడిలో అది కుదరకపోతే సీటీ, సీటీ యాంజియో (రక్తనాళాలు చూసే సీటీ), ఉన్నచోట పెర్‌ఫ్యూజన్‌తో నడిపిస్తారు, వైద్యం ఆగదు. పేస్‌మేకర్ పెట్టినప్పుడు ఇచ్చిన కార్డు మాత్రం బీరువాలో దాచకండి. ఫొటో తీసి ఇంట్లో అందరి ఫోన్లలో పెట్టండి, అసలుది నాన్నగారి పర్సులో ఉండాలి.

సీమ_సైకిల్
బుధవారం, రాత్రి 7:30

కార్డా? అలాంటిది ఇచ్చినట్టు గుర్తు లేదే. ఫైల్ వెతికి చెప్తాను అన్నా.